తప్పు చేస్తే ఏడ్చే అక్క, పట్టించుకోని తమ్ముడు: ఇది రక్తంలోనే ఉంటుందా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతా తల్లిదండ్రులకూ అర్థం కావాలని ముందు దాన్ని క్లుప్తంగా రాస్తున్నాను. మీ పాపకు పదకొండేళ్లు. లెక్కలో ఒక్క అంకె తప్పు పడినా కాగితం చిరిగేదాకా రబ్బరుతో రుద్దుతుంది, తర్వాత ఏడుస్తుంది. బాబుకు ఎనిమిదేళ్లు. కూడికలో చేతిలో ఉంచుకున్న ఒకటిని కలపడం రోజూ మర్చిపోతాడు. చెప్తే తలూపుతాడు, మర్నాడు మళ్లీ అదే తప్పు, మళ్లీ అదే నవ్వు. ఒకే ఇల్లు, ఒకే బడి. మీ అత్తమ్మ "పోరి వాళ్ల నాయన లెక్క, పోరడు మేనమామ లెక్క, రక్తంల ఉన్నది యాడికి పోతది" అంటున్నారు. మీది మేనరికం కాబట్టి దానివల్లే ఇలా అయిందేమోనని మీ భయం. హనుమకొండలో ఎవరో పిల్లలకు జీన్ టెస్ట్ చేయిస్తే వాళ్లు నేర్చుకునే తీరంతా తెలిసిపోతుందని చెప్పారట. చేయించాలా వద్దా అన్నది మీ చివరి ప్రశ్న.

నేను పిల్లల మనస్తత్వ నిపుణురాలిగా ఇరవై రెండేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్నాను. అంతకుముందు పరిశోధన చేసే రోజుల్లో పిల్లల తలకు ఈఈజీ టోపీ (మెదడు విద్యుత్తును కొలిచే తీగల టోపీ) పెట్టి, వాళ్లు తప్పు చేసిన క్షణంలో మెదడులో ఏం జరుగుతుందో చూడటమే నా పని. అందుకే ఈ జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపికగా చదవండి.

మీ అత్తమ్మ మాటలో కొంత నిజం ఉంది. తప్పు జరిగినప్పుడు మెదడు ఎంత గట్టిగా ఉలిక్కిపడుతుంది అన్నది కొంతవరకు పుట్టుకతో వచ్చేదే. కానీ ఆ ఉలికిపాటు పిల్లలో భయంగా స్థిరపడుతుందా, "ఇక్కడ సరిచూసుకో" అనే హెచ్చరికగా పనికొస్తుందా అన్నది వేరే సంగతి. అందులో మనం మార్చగలిగింది చాలా ఉంది. జీన్ టెస్ట్ చేయించకండి. మేనరికం గురించి మిమ్మల్ని మీరు నిందించుకోకండి. ఇవన్నీ ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానో వివరిస్తాను.

1924లో హాన్స్ బెర్గర్ అనే జర్మన్ వైద్యుడు మనిషి తల మీద నుంచి మెదడు విద్యుత్తును తొలిసారి నమోదు చేశాడు. ఈఈజీ అంటే అదే. 1990 ప్రాంతంలో జర్మనీలో ఫాల్కెన్‌స్టైన్ బృందం, అమెరికాలో గెరింగ్ బృందం, ఎవరికి వారు ఒక వింత గమనించారు. మనిషి తెర మీద బొమ్మ చూసి బటన్ నొక్కే ఆట ఆడుతున్నప్పుడు తప్పు బటన్ నొక్కాడంటే, ఆ తర్వాత సెకనులో పదో వంతు కూడా గడవకముందే నడినెత్తికి కాస్త ముందు భాగంలో ఒక పదునైన అల కనిపిస్తుంది. సరైన బటన్ నొక్కినప్పుడు అంత పెద్ద అల రాదు. అప్పటికి ఆ మనిషికి "తప్పు నొక్కావు" అని ఎవరూ చెప్పి ఉండరు. తనంతట తాను "అరె" అనుకునేంత సమయం కూడా ఉండదు. మెదడు అప్పటికే పసిగట్టేస్తుంది. ఈ అలను ఈఆర్‌ఎన్ అంటారు. నుదుటి వెనక, రెండు అర్ధగోళాలు కలిసే చోట లోపలికి ఉండే సింగ్యులేట్ అనే మడత ముందు భాగం నుంచి ఇది ప్రధానంగా వస్తుందని భావిస్తున్నారు.

దాని వెనకే, సెకనులో ఐదో వంతు దాటాక, ఇంకో నెమ్మదైన అల వస్తుంది. దాన్ని పీఈ అంటారు. తప్పు చేశానన్న ఎరుక కలిగినప్పుడు ఇది పెద్దగా కనిపిస్తుంది. మొదటిది ఉలికిపాటు అనుకుంటే రెండోది గుర్తింపు. ఈ రెండూ వేరువేరు అన్న సంగతి గుర్తుంచుకోండి, మీ పిల్లల విషయంలో ఇదే ముఖ్యం.

ఇక మనంతట మనకు తెలియని తప్పు ఉంటుంది. టీచర్ ఇంటూ గుర్తు పెడితేనో, తెర మీద ఎర్ర దీపం వెలిగితేనో తెలుస్తుంది. అప్పుడు కూడా పావు సెకను తర్వాత దాదాపు అదే చోట అలాంటి స్పందనే వస్తుందని 1997లో మిల్ట్‌నర్, ఆయన సహచరులు చూపించారు. మెదడు ఇక్కడ కొలిచేది అనుకున్నదానికి, వచ్చినదానికి మధ్య తేడా. వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా తేలింది. పండ్లరసం వస్తుందని కోతి ఎదురుచూస్తున్నప్పుడు రాకపోతే, డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని వదిలే కణాలు ఆ క్షణంలో ఒక్కసారి మౌనంగా అయిపోతాయి. అనుకోకుండా వస్తే చెలరేగుతాయి. అనుకున్నట్టే వస్తే మామూలుగా ఉంటాయి. నేర్చుకోవడం ఈ తేడా ఉన్నచోటే జరుగుతుంది. 90 వస్తాయనుకున్న పిల్లకు 85 వస్తే మెదడుకు అది నష్టం. 40 అనుకున్న పిల్లకు 55 వస్తే పండగ. అందుకే ఒకే మార్కుల కాగితం ఇద్దరు పిల్లల్లో రెండు రకాలుగా పనిచేస్తుంది.

ల్యాబ్‌లో నేను చూసిన ఒక సంగతి చెప్పాలి. తప్పు నొక్కిన ప్రతిసారీ పకపకా నవ్వే పిల్లలు కొందరు ఉండేవాళ్లు. వీళ్లకు పట్టింపు లేదనుకునేదాన్ని. రికార్డింగ్ తీసి చూస్తే వాళ్లలో కొందరి అల చాలా పెద్దగా ఉండేది. మొహం ఒకటి చెప్తే మెదడు ఇంకొకటి చెప్పేది. అప్పటి నుంచి "వీడికి లెక్కే లేదు" అని ఏ పిల్లాడి గురించీ మొహం చూసి అనడం మానేశాను. మీ బాబు విషయంలో కూడా మీరు ఆ తీర్పు ఇప్పుడే ఇవ్వకండి.

ఇక వారసత్వం. దీన్ని తేల్చడానికి శాస్త్రవేత్తలు కవలల దగ్గరికి వెళ్తారు. ఒకే పిండం రెండుగా చీలి పుట్టిన కవలలకు జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. విడి పిండాల కవలలకు మామూలు అన్నదమ్ముల్లాగే సగటున సగం కలుస్తాయి. రెండు రకాల వాళ్లూ ఒకే ఇంట్లో పెరుగుతారు కాబట్టి, మొదటి రకం కవలల అలలు రెండో రకం వాళ్లకంటే ఎంత ఎక్కువ పోలి ఉన్నాయో చూస్తే జన్యువుల వాటా అంచనా కట్టవచ్చు. 2008లో అనోఖిన్, ఆయన సహచరులు కౌమారంలోకి వస్తున్న అమెరికా కవలల మీద ఇలా చూశారు. తప్పును పసిగట్టే అలలో పిల్లల మధ్య కనిపించే తేడాల్లో 47 శాతం జన్యువుల వల్లేనని, ఎరుక అలలో 52 శాతమని తేలింది.

ఈ 47 శాతాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. మీ పాప ఏడుపులో 47 పాళ్లు నాన్నది, మిగతాది బడిది అని కాదు దాని అర్థం. మీది పరకాల వైపు అన్నారు కాబట్టి పత్తి ఉదాహరణే చెప్తాను. ఒకే నల్లరేగడి చేనులో, అంతటా ఒకేలా నీళ్లు పెట్టి, రకరకాల విత్తనాలు వేశారనుకోండి. మొక్కల ఎత్తులో తేడా కనిపిస్తే అది దాదాపు విత్తనం తేడానే. అవే విత్తనాలు సగం రేగడిలో, సగం బోరు ఎండిపోయిన చల్కలో వేస్తే? అప్పుడు తేడాలో ఎక్కువ భాగం నేలది, నీళ్లది అవుతుంది. విత్తనాలు మారలేదు, లెక్క మారింది. శాతం అన్నది ఒక చేను మొత్తానికి వర్తించే లెక్క. ఒక మొక్కను చూపించి "దీని ఎత్తులో సగం విత్తనం, సగం నీళ్లు" అనలేం. మీ పాప ఒక్క మొక్క. అమెరికా పిల్లల మీద వచ్చిన శాతం మన బడుల్లో, మన ఇళ్లలో అంతే ఉండాలని కూడా లేదు.

మరి ఏ జన్యువు అంటారా? పదిహేను, ఇరవై ఏళ్ల క్రితం మేమందరం ఈ ప్రశ్నకు జవాబు చేతికి అందినట్టే ఉందనుకున్నాం. సీఓఎంటీ అనే జన్యువు ఉంది. మెదడు ముందు భాగంలో డోపమైన్‌ను తొలగించే ఎంజైమును తయారుచేస్తుంది. అందులో ఒక రకం ఉన్నవాళ్లలో డోపమైన్ త్వరగా ఖాళీ అవుతుంది, ఇంకో రకం వాళ్లలో నెమ్మదిగా. ఇంకొకటి డీఆర్‌డీ2, డోపమైన్ వచ్చి అంటుకునే ఒక రకం గ్రాహకానిది. 2007లో జర్మనీలో క్లైన్ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. ఈ గ్రాహకాలు తక్కువగా ఉండే జన్యు రకం ఉన్నవాళ్లు "తప్పు" అని చెప్తే దాన్నుంచి తక్కువ నేర్చుకుంటున్నారని అందులో కనిపించింది. ప్రపంచమంతా మాట్లాడుకుంది. నేనూ సంతోషపడ్డాను. కానీ అందులో పాల్గొన్నది 26 మంది పెద్దవాళ్లు, అందరూ మగవాళ్లే. పైగా వాళ్లు చూసిన ఆ జన్యు మార్పు నిజానికి పక్కనే ఉన్న మరో జన్యువులో ఉంటుంది. సెరటోనిన్ అనే ఇంకో మెదడు రసాయనానికి సంబంధించిన ఒక జన్యువు విషయంలో కూడా ఇలాగే జరిగింది. మొదటి చిన్న అధ్యయనంలో పెద్ద తేడా కనిపించింది, తర్వాత వేరేవాళ్లు చూస్తే ఒకసారి వచ్చింది, ఒకసారి రాలేదు.

ఒక్క జన్యువు ఒక్క స్వభావాన్ని నడిపిస్తుందన్న ఆలోచన ఈ రంగంలో నిలబడలేదు. ఇలాంటి గుణాల వెనక వేల జన్యు మార్పులు ఉంటాయి, ఒక్కొక్కటి చేసేది ఆవగింజంత. చదువు విషయంలో దీన్ని బాగా పెద్ద ఎత్తున చూశారు. 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో సుమారు 30 లక్షల మంది జన్యువులు పరిశీలించి, ఎన్నేళ్లు చదువుకున్నారన్న దానితో సంబంధం ఉన్న చోట్లు నాలుగు వేలకు దగ్గరగా గుర్తించారు. అవన్నీ కలిపి లెక్కకట్టినా మనుషుల మధ్య తేడాలో 12 నుంచి 16 శాతమే వివరించగలిగారు. అది కూడా యూరప్ మూలాలున్న వాళ్లలో. వేరే మూలాలున్న జనం మీద అదే లెక్క వాడితే అంచనా బాగా బలహీనపడుతుంది. ఇప్పుడు మీరే చెప్పండి, ఉమ్మి తీసుకుని ఐదారు జన్యువులు చూసి, "మీ బాబు విమర్శ నుంచి నేర్చుకోడు, మీ పాప సున్నితం" అని రంగుల పుస్తకం చేతికిచ్చే టెస్ట్ దేన్ని ఆధారం చేసుకుంటుంది?

నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో ఇలాంటి రిపోర్టులు పట్టుకొచ్చే వాళ్లున్నారు. వేలిముద్రలు తీసుకుని తెలివితేటలు చెప్పే టెస్ట్ కూడా మన జిల్లాల్లో బడి బడికీ తిరిగింది. వేలి గీతలు కడుపులో ఉండగానే ఏర్పడతాయి, కాబట్టి మెదడు సంగతి చెప్తాయి అంటారు. అలా చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. నాకు డబ్బు పోయిందన్న బాధకంటే పెద్ద బాధ ఇంకోటి ఉంది. ఒక తండ్రి తొమ్మిదేళ్ల కొడుకు ముందే ఆ కాగితం తీసి "వీనికి లెక్కలు రావని ఇండ్ల రాసి ఉన్నది మేడం" అన్నాడు. ఆ పిల్లాడు తల వంచుకుని కూర్చున్నాడు. అక్షరం తప్పు చదివినా సరిదిద్దుకోవచ్చు. తల్లిదండ్రులే నమ్మిన ఆ మాటను ఆ పిల్లాడి మనసులోంచి తీయడానికి మాకు నెలలు పట్టింది.

ఇప్పుడు మీ పాప దగ్గరికి వస్తాను. తప్పుకు పెద్ద అల వచ్చే పిల్లల్లో ఆందోళన, అతిగా సరిచూసుకోవడం ఎక్కువగా కనిపిస్తాయని చాలా అధ్యయనాలు చెప్పాయి. ఓసీడీ, అంటే వదలని అనుమానాలతో ఒకే పనిని పదేపదే చేయించే జబ్బు, ఉన్న పిల్లల్లో ఈ అల సగటున పెద్దగా ఉంటుంది. వాళ్ల సొంత అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్లలో, ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా పెద్దగానే ఉంటుంది. అంటే అల కుటుంబంలో నడుస్తోంది, జబ్బు మాత్రం అందరికీ రాలేదు. అంతకంటే నాకు నచ్చిన ఫలితం 2008లో హాయ్‌చాక్, ఆయన సహచరులు చూపించినది. ఓసీడీ ఉన్న పిల్లలకు ప్రవర్తన చికిత్స ఇచ్చారు. పిల్లలు బాగుపడ్డారు, లక్షణాలు తగ్గాయి. మళ్లీ ఈఈజీ తీస్తే అల మాత్రం ముందులాగే పెద్దగా ఉంది! మెదడులో గంట అంతే గట్టిగా మోగుతోంది, కానీ పిల్ల ఇప్పుడు ఆ గంటకు బెదిరిపోవడం లేదు. మీ పాపకు కావలసింది ఇదే. ఆమె స్వభావాన్ని మార్చాలని మనం ప్రయత్నించనక్కర్లేదు.

మరి ఆ గంటకు భయం ఎక్కడ అంటుకుంటుంది? న్యూయార్క్ రాష్ట్రంలో మేయర్, ఆమె సహచరులు మూడేళ్ల పిల్లలతో తల్లిదండ్రులు ఎలా ప్రవర్తిస్తున్నారో చూశారు, వాళ్లనే అడిగి కూడా తెలుసుకున్నారు. అదే పిల్లలకు ఆరేళ్లు వచ్చాక ఈఈజీ తీశారు. కఠినంగా, శిక్షలతో పెంచిన ఇళ్ల పిల్లల్లో తప్పుకు వచ్చే అల పెద్దగా ఉంది. ఇది 2015లో వచ్చింది. దీన్ని చదివి "అయితే తప్పంతా నాదే" అనుకోకండి. కఠినంగా ఉండే తల్లిదండ్రులు తమ జన్యువులు కూడా ఇస్తారు, బెదిరే పిల్లల దగ్గర తల్లిదండ్రులు కూడా వేరుగా ప్రవర్తిస్తారు. రెండూ పెనవేసుకునే వస్తాయి, పడుగు పేకల్లాగా.

మీ ఆయన ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తారని, ప్రతి చీటీ మూడుసార్లు చూసుకుంటారని రాశారు. ఆ జాగ్రత్త వల్లే కదా ఆయనకు అక్కడ పేరు. బస్తాల లెక్కలో ఒక సున్నా అటూ ఇటూ అయితే ఒక రైతు పంట డబ్బు తారుమారవుతుంది. తప్పును వెంటనే పసిగట్టే మెదడు ఆయనకు అన్నం పెడుతోంది. పాప ఆ మెదడు తీరును కొంత ఆయన నుంచి తెచ్చుకుని ఉండొచ్చు. కానీ రాత్రి ఆయన పాప నోట్‌బుక్ తీసి మొదటి పేజీ నుంచి తప్పులు వెతుకుతారని కూడా మీరే రాశారు. రక్తంతో పాటు ఆ కంగారు కూడా రోజూ చేతికి అందుతోంది. మొదటిది మనం మార్చలేం. రెండోది ఈ రాత్రి నుంచే మార్చుకోవచ్చు.

మాది కొత్తవాడ. మా నాయన జంపఖానాలు నేసేవారు. చిన్నప్పుడు మగ్గం మీద కూర్చుని రంగు తప్పి పేక వేస్తే, ఆయన అరిచేవారు కాదు. పక్కకు వచ్చి వేలు పెట్టి చూపించి "గీడ తప్పింది, నాలుగు పోగులు ఇప్పు" అనేవారు. అంతే. ఇప్పి మళ్లీ నేసేదాన్ని. తప్పు జరిగిన చోటే, జరిగిన వెంటనే, ఏం చేయాలో చెప్పడం, నా గురించి ఒక్క మాట అనకపోవడం. ల్యాబ్‌లో ఏళ్ల తరబడి చదివాక నాకు అర్థమైంది, మా నాయన మగ్గం దగ్గర చేసిందే పిల్లల మెదడుకు సరిపోయే పద్ధతి అని.

పాప విషయంలో కొన్ని పనులు చేయండి. ఇంట్లో రబ్బరు తీసేయండి. పెన్నుతో రాయించండి, తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన మళ్లీ రాయమనండి. మొదటి వారం ఏడుస్తుంది. పక్కన కూర్చోండి, కానీ "పర్వాలేదు, పర్వాలేదు" అని పదేపదే అనకండి. ప్రతిసారీ ఓదార్పు దొరికితే, ఓదార్పు లేకుండా తట్టుకోలేనన్న నమ్మకం పెరుగుతుంది. కొట్టివేతతో ఉన్న పేజీ అలాగే బడికి పోనివ్వండి. టీచర్‌తో ముందే ఒక మాట చెప్పి ఉంచండి. పాప నవోదయ పరీక్షలో ఓఎంఆర్ షీట్ దగ్గర చేతులు వణికాయని రాశారు, నాకు ఆశ్చర్యం కలగలేదు. పెన్నుతో నింపిన గడిని చెరపలేరు. చెరిపే అవకాశమే లేని చోట రబ్బరు మీద ఆధారపడ్డ పిల్లకు కాళ్లు చేతులు ఆడవు.

మీ ఆయనను రోజూ అన్నాల దగ్గర తన పనిలో ఆ రోజు జరిగిన ఒక పొరపాటు చెప్పమనండి. ఏం పొరపాటు, ఎలా పట్టుకున్నాడు, ఎలా సరిచేశాడు. కథలాగా, మామూలు గొంతుతో. నాన్న తప్పు చేస్తాడని, అయినా హాయిగా అన్నం తింటున్నాడని పాప చూడాలి. నోట్‌బుక్ చూసేటప్పుడు ముందు సరిగ్గా చేసిన ఒక లెక్క దగ్గర ఆగి, అందులో ఏ మెట్టు బాగుందో చెప్పమనండి. "నువ్వు తెలివైనదానివి" అనే మాట మాత్రం తగ్గించండి. తెలివైనదాన్ని అనిపించుకున్న పిల్లకు ప్రతి తప్పూ ఆ పేరు పోగొట్టే గండమే. 2011లో మిచిగన్‌లో మోజర్ బృందం పెద్ద విద్యార్థులను చూస్తే, సామర్థ్యం కృషితో పెరుగుతుందని నమ్మేవాళ్లలో తప్పు తర్వాత వచ్చే ఎరుక అల పెద్దగా ఉంది. ఆ తర్వాతి ప్రశ్న సరిగ్గా చేయడం కూడా వాళ్లలోనే ఎక్కువ. ఇందాక గుర్తుంచుకోమన్న తేడా ఇక్కడికే వస్తుంది. ఉలికిపాటును తగ్గించలేకపోయినా, దాని తర్వాత ప్రశాంతంగా తప్పును చూడటం నేర్పవచ్చు.

బాబు సంగతి పూర్తిగా వేరు. ఎనిమిదేళ్ల పిల్లాడిని పదకొండేళ్ల పిల్లతో పోల్చకండి, మెదడే ఇంకా వేరు దశలో ఉంది. తప్పును పసిగట్టే అల బాల్యం నుంచి యవ్వనం దాకా పెరుగుతూ పోతుంది. నెదర్లాండ్స్‌లో లైడెన్‌లో 2008లో 8-9 ఏళ్ల పిల్లలను, 11-13 ఏళ్ల వాళ్లను, పెద్దవాళ్లను స్కానర్‌లో పెట్టి చూశారు. 8-9 ఏళ్ల పిల్లల మెదడులో నియంత్రణకు సంబంధించిన భాగాలు "సరిగ్గా చేశావు" అన్నప్పుడు ఎక్కువగా పనిచేశాయి. పెద్దవాళ్లలో "తప్పు" అన్నప్పుడు ఎక్కువగా పనిచేశాయి. 11-13 ఏళ్ల వాళ్లు మార్పు దశలో ఉన్నారు. ఆలోచిస్తే కారణం తెలుస్తుంది. "సరే, ఇదే చెయ్" అన్నది సులువైన మాట. "ఇది కాదు" అంటే, మరి ఏది అన్నది పిల్లాడే వెతుక్కోవాలి. చిన్న మెదడుకు ఆ రెండో పని బరువు. మనం మన ఇళ్లలో, బడుల్లో చిన్న పిల్లలకు ఎక్కువగా ఇచ్చేది ఆ బరువైనదే, ఎర్ర ఇంకు ఇంటూ గుర్తు.

కాబట్టి బాబుకు పది తప్పులు చూపించకండి. ఒక్కటే పట్టుకోండి, ఆ చేతిలో ఉంచుకున్న ఒకటి. చేతి అంకె పైన రాసుకునేందుకు ప్రతి లెక్కకూ ఒక చిన్న గడి గీసి ఇవ్వండి. గడి నింపిన ప్రతిసారీ, లెక్క పూర్తయ్యేదాకా ఆగకుండా, అక్కడికక్కడే "ఆ, అదీ" అనండి. రెండు వారాల తర్వాత ఆట మార్చండి. మీరు ఐదు లెక్కలు చేసి ఒకదాంట్లో కావాలనే తప్పు పెట్టి, "దొంగను పట్టు" అనండి. తన తప్పు కంటే అమ్మ తప్పు పట్టుకోవడం పిల్లలకు సరదా. తప్పు కోసం వెతికే అలవాటు అలా వస్తుంది.

ఇంకో జాగ్రత్త. అదే తప్పు పదేపదే చేసే పిల్లాడికి కన్ను, చెవి ఒకసారి చూపించండి. మ, య కలగలిపి చదువుతున్నాడా, ప, వ దగ్గర తడబడుతున్నాడా, చదవమంటే ఊహించి చెప్తున్నాడా చూడండి. అలాంటివి ఉంటే చదివే సమస్య ఉందేమో పరీక్ష చేయించాలి. ఇలాంటి సమస్యను నిర్దిష్ట అభ్యసన వైకల్యం అంటారు, అది 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది, ధ్రువీకరణ ఉంటే పరీక్షల్లో వెసులుబాట్లు అడగవచ్చు. ఇల్లు, బడి రెండు చోట్లా నిలకడగా కూర్చోలేకపోతుంటే అది కూడా చెప్పండి. ఏడీహెచ్‌డీ (నిలకడ, ఏకాగ్రత కుదరని సమస్య) ఉన్న పిల్లల్లో తప్పు అలలు సగటున చిన్నగా ఉంటాయి, వాళ్లకు వెంటనే దొరికే మెచ్చుకోలు బాగా పనిచేస్తుంది. కానీ మీరు రాసినదాన్ని బట్టి మాత్రమే నేను ఏ పేరూ పెట్టను.

"అయితే ఈఈజీ తీయిస్తే తెలుస్తుందా మేడం" అని చాలామంది అడుగుతారు. తెలియదు. ఆసుపత్రిలో ఫిట్స్ కోసం తీసే ఈఈజీలో ఇది కనిపించదు. ఈ అల ఒక వోల్టును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఐదో పదో భాగాలంత ఉంటుంది. పిల్లాడు చేసిన ఎన్నో తప్పుల రికార్డింగులు కలిపి సగటు తీస్తేగాని బయటపడదు. నేను చెప్పిన ఫలితాలన్నీ గుంపుల మధ్య సగటులు. ఒక్క పిల్లాడి జబ్బు తేల్చే పరీక్ష కాదు.

మేనరికం గురించి. మీరు, మీ ఆయన బావామరదళ్లు కాబట్టి సగటున మీ జన్యువుల్లో ఎనిమిదో వంతు ఒకే పెద్దల నుంచి వచ్చినవి. దీనివల్ల అరుదైన, రెండు వైపుల నుంచీ లోపం వస్తేనే బయటపడే జబ్బుల ప్రమాదం పెరుగుతుంది. పుట్టు చెవుడు, తలసీమియా, కొన్ని జీవక్రియ లోపాలు అలాంటివి. మీ రెండు కుటుంబాల్లో అలాంటివి ఉంటే జన్యు సలహా తీసుకోవడం మంచిదే. కానీ ఇక్కడ మీరడుగుతున్నది ఇద్దరు పిల్లల మధ్య తేడా గురించి. ఇద్దరూ అదే పెళ్లికి పుట్టారు కదా. మేనరికం ఇద్దరికీ సమానం, కాబట్టి ఆ తేడాకు అది జవాబు కాదు. అక్కాతమ్ముళ్ల మధ్య కలిసేది సగటున సగం జన్యువులే, మిగతా సగంలో ఎంత వైవిధ్యమైనా ఉండొచ్చు. ఈ మాట మీ అత్తమ్మకు కూడా చెప్పండి. పిల్లల స్వభావానికి తల్లిని దోషిగా నిలబెట్టే అలవాటు మన ఇళ్లలో చాలా పాతది.

పాపకు పొద్దున్నే కడుపునొప్పి అంటూ బడి ఎగ్గొట్టడం, రాత్రి నిద్ర పట్టకపోవడం, చేతులు పదేపదే కడుక్కోవడం, బ్యాగు పదిసార్లు సర్దుకోవడం లాంటివి నాలుగైదు వారాలుగా ఉంటే ఇంట్లో ప్రయత్నాలతో ఆగకండి. వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పాప "నేను వేస్ట్", "నేను ఉండొద్దు" లాంటి మాట ఒక్కసారి అన్నా అదే రోజు చూపించండి.

అంత లేకపోతే, మూడు వారాలు ఒక చిన్న నోట్‌బుక్ పెట్టండి. పాప ఏ తప్పుకు ఎంతసేపు ఏడ్చింది, ఆ సమయంలో పక్కన ఎవరున్నారు, ఏమన్నారు అన్నది రాయండి. బాబు గడి నింపింది ఎన్నిసార్లు, మర్చిపోయింది ఎన్నిసార్లు అన్నది ఇంకో పేజీలో గీతలు పెట్టండి. ఆ రెండు పేజీలు ఇక్కడే పెడితే, తర్వాత ఏం చేయాలో చూసి చెప్తాను.